పద్నాలుగో సీసా

ఎల్ గెత్తార్,
3 మే 1996

చెల్లీ మోంజియా,

సలాములు. మోకాళ్ళు ఎలా ఉన్నాయి? నా ఛాతీ సంగతి అడగకు. ముప్ఫై ఏళ్ళు ఫాస్ఫేటు గనిలో పీల్చిన దుమ్ము, పింఛను పుచ్చుకున్నంత మాత్రాన ఎక్కడికి పోతుంది?

ఈ ఉత్తరం తెచ్చే అద్దెకారు డ్రైవరు నీకొక చెక్కపెట్టె ఇస్తాడు. గడ్డి మధ్య పద్నాలుగు సీసాలుంటాయి. జాగ్రత్తగా దింపించుకో.

మా సంగతి నీకు కొంత తెలుసు. ఒక బావి, ఒక పంపు, దాని మీద పద్నాలుగు తోటలు. ఎవరి మడవ ఎప్పుడు తీయాలో, ఎప్పుడు కట్టాలో చూసే నీరటిని నేను. పోయిన ఏడు మా జల్దారు పళ్ళ మీద థైరమ్ అనే బూజు మందు ఉందని రేవు వ్యాపారి లారీని తిప్పి పంపేశాడు. ఎవరు కొట్టారో ఎవరూ ఒప్పుకోలేదు. "బెల్గాసెమ్, వాడెవడో తేల్చు. లేకపోతే నా లారీ ఇక మీ ఊరి వైపు చూడదు" అని మొహం మీదే అన్నాడు. అందుకని అందరం పంపు గది ముందు కూర్చుని ఒక మాట అనుకున్నాం. ఎవరి కాయల మీద ఆ మందు తేలితే వాళ్ళ నీటి వంతు ఈ వేసవంతా ఆపేయాలి. ఆ మాట పెట్టింది నేనే. ఇక్కడ వేసవిలో నీళ్ళు ఆపడమంటే ఏమిటో నీకు చెప్పనక్కరలేదు.

నువ్వు రాసినట్టే ప్రతి తోటలో పదేసి కాయలు కోసి, స్పిరిటుతో కడిగి, ఆ స్పిరిటు సీసాలో పోశాను. పేర్లు వేయలేదు, అంకెలే వేశాను. ఎవరిది ఏదో నీకు తెలియకపోవడమే మంచిది. నేను చెబితే ఊళ్ళో సగం మంది నమ్మరు. యూనివర్సిటీ చెప్పిందంటే నోరు మూసుకుంటారు.

వసీలా నీకోసం బసీసా పిండి వేయించి మూట కట్టింది. ఆలివ్ నూనె పోసి కలుపుకుని తినమంటోంది. రొట్టెముక్క నమిలి పడుకోవడం ఇక మానమంటోంది.

నీ అన్న,
బెల్గాసెమ్


స్ఫాక్స్,
19 మే 1996

అన్నయ్యా,

సలాములు. పెట్టె భద్రంగా చేరింది. బసీసా మూడు రోజుల్లో అయిపోయింది, వదినకు చెప్పు. వంట చేసుకునే ఓపిక లేని వారం అది.

ముందు నీకు కావలసిన మాట. పదమూడు సీసాలు శుభ్రం. పద్నాలుగోదానిలో థైరమ్ ఉంది. కొంచెం కాదు, బాగా ఉంది. కాగితం మీద రాసి, సంతకం చేసి, ముద్ర వేసి ఇందులో పెడుతున్నాను.

ఎలా తెలిసిందని నీవాళ్ళు అడిగితే ఇలా చెప్పు. వెండి ఉప్పును నీళ్ళలో మరిగిస్తూ నిమ్మ ఉప్పుకు చుట్టమైన ఇంకో ఉప్పును చుక్కచుక్కగా వేస్తాను. గంటసేపటికి నీళ్ళు పాచి కలిసిన పసుపు రంగుకు తిరుగుతాయి. అందులో వెండి ఉంటుంది కానీ, కంటికి ఆనదు. అంత సన్నని పొడి. దాని మీద ఏ పదార్థం వాలినా, లేజరు వెలుగు పడేసరికి తన గీతల వరసను లక్షల రెట్లు గట్టిగా చూపిస్తుంది. ఒక్కో పదార్థానికి ఒక్కో వరస, మన వేలిముద్రల్లాగా. థైరమ్‌లో గంధకం ఉంది. అమ్మ వెండి కడియాలు ఊరికే నల్లబడేవి చూడు, అదే కారణం. గంధకానికి వెండి దొరికితే వదలదు. అందుకే చిటికెడులో వెయ్యోవంతు ఉన్నా దొరికిపోతుంది.

చెప్పడానికి బాగానే ఉంటుంది. ఈ వెండి నీళ్ళు కుదరడానికే నాకు పదకొండు రోజులు పట్టింది. గాజుకు కుళాయి నీళ్ళ ఉప్పు తగిలితే చాలు, బూడిద రంగుకు తిరిగి అడుగుకు దిగిపోతుంది. నాలుగు సార్లు పారబోశాను. ఐదోసారి కుదిరింది. కుదిరినా నాలుగు రోజులకు మించి నిలవదు కనుక ఉన్నదంతా నీ సీసాలకే వాడాను. చీకటి గదిలో స్టూలు మీద కూర్చుని లేచేసరికి నా మోకాళ్ళు నావి కావనిపించింది. యాభై ఏడేళ్ళు వచ్చాయి, ఇంకా మూడేళ్ళ ఉద్యోగం. లెక్కపెట్టుకుంటున్నానని ఎవరికీ చెప్పకు.

పద్నాలుగు ఎవరిదో నాకు రాయకు.

నీ మోంజియా


ఎల్ గెత్తార్,
28 మే 1996

చెల్లీ,

రాయకు అన్నావు కానీ రాయకుండా ఉండలేను. పద్నాలుగు అమ్మార్‌ది. కాలువ చివరి తోట. నాకు ఆశ్చర్యం వేయలేదు. వాడు నాతో పాటు గనిలో పనిచేసినవాడే. మేమంతా సమ్మెలో బయట కూర్చుంటే కోడి కూయకముందే దీపం పట్టుకుని కిందికి దిగినవాడు. పద్దెనిమిదేళ్ళయింది. ఆ రోజు నుంచి వాడి పెళ్ళికీ పోలేదు, చావుకీ పోనని వసీలాతో ఎన్నోసార్లు అన్నాను.

నీ కాగితం పంపు గది ముందు చదివాను. వాడు లేచి నిలబడ్డాడు.

"నేను కొట్టలేదు. నా పిల్లలు తినే కాయల మీద నేనెందుకు కొడతాను?"

"మరి ఆ మందు ఆకాశంలోంచి పడిందా?" అని ముసలి బషీర్ అన్నాడు. అందరూ నవ్వారు.

"బెల్గాసెమ్, ఇంకోసారి చూపించు. నా ఎదురుగా కాయలు కోసి పంపు."

"ఎందుకు? వెండికి అబద్ధమాడటం రాదు. నీకు వచ్చు" అన్నాను.

పోయిన మంగళవారం వాడి వంతు. ఆ రెండు గంటలూ మిగతా పదమూడు మందికి పంచాను. మడవకు అడ్డంగా సిమెంటు పలక పెట్టి మట్టి తొక్కించాను. వ్యాపారి లారీ వచ్చింది, అందరి కాయలూ ఎత్తుకుపోయింది, వాడివి తప్ప. ఊరు బతికింది. దీనికి నీకు రుణపడి ఉన్నాం.

సంతోషంగా ఉండాలి కదా. ఉన్నాను. కానీ ఈ మధ్య పది అడుగులు వేస్తే ఆయాసం వస్తోంది.

అన్న


స్ఫాక్స్,
24 జూన్ 1996

అన్నయ్యా,

ఆలస్యంగా రాస్తున్నాను. పరీక్ష పేపర్లు, అధికారుల తనిఖీలు, ఎండ. ఇక్కడ సముద్రపు గాలి కూడా వేడిగా వీస్తోంది.

చిన్న విషయం అడగాలి. పదమూడు సీసాలకు నేను పంపిన గాజు మూతలే ఉన్నాయి. పద్నాలుగోదానికి మాత్రం రబ్బరు మూత, దాని మీద మైనం. మైనం కోయలేక ఆ రోజు నిన్ను తిట్టుకున్నాను కూడా. గాజు మూత పగిలిందా? పగిలే ఉంటుంది. దారిలో అలాంటివి జరుగుతాయి. ఊరికే, పుస్తకంలో రాసుకోవడానికి అడుగుతున్నాను.

అమ్మార్ తోట ఎలా ఉంది?

మోంజియా


ఎల్ గెత్తార్,
5 జూలై 1996

చెల్లీ,

అవును, పగిలింది. మందుల షాపులో అడిగి రబ్బరు మూత తెచ్చి పెట్టాను. ఇంత చదువు చదివి మూతల గురించి అడుగుతావేమిటి?

తోట సంగతి. ఉదయం ఎనిమిదికే గోడ ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. వాడి భార్య హద్దా ఇంటి కుళాయి దగ్గర డబ్బాలు నింపి, గాడిద మీద వేసుకుని చెట్టుకో డబ్బా పోస్తోంది. యాభై మూడు చెట్లకు డబ్బాల నీళ్ళు ఏ మూలకు? కుళాయి నీళ్ళు తోటకు పోయకూడదని ఒకరిద్దరు నా దగ్గరికి పితూరీ తెచ్చారు. చూడనట్టు ఊరుకున్నాను. అందుకు నన్ను మెత్తనివాడంటున్నారు.

నిన్న ఆమె దారిలో ఎదురైంది. "సలాం, బెల్గాసెమ్ బావా" అంది, ఎప్పటిలాగానే. తిట్టి ఉంటే బాగుండేది.

ఆకులు అంచుల నుంచి ముడుచుకుంటున్నాయి.

అన్న


స్ఫాక్స్,
15 జూలై 1996

అన్నయ్యా,

నీ ఉత్తరం అందింది. నీ ఛాతీకి డాక్టరు దగ్గరికి వెళ్ళావా లేదా? వదిన నాకు విడిగా రాసింది, నువ్వు వెళ్ళినట్టు అబద్ధం చెబుతున్నావని.

ఇక్కడ కొత్త సంగతులేమీ లేవు. లేజరు యంత్రాన్ని మాకే ఉంచాలా, వేరే చోటికి తరలించాలా అని చూడటానికి రాజధాని నుంచి ముగ్గురు వచ్చారు. నేను చేసిన పనిలో ఏది బాగుందని అడిగితే, మా పెద్ద ప్రొఫెసర్ మీ జల్దారు పళ్ళ కథే చెప్పాడు. తల ఊపుతూ విన్నారు. నేనూ తల ఊపాను.

నీళ్ళు ఆపే శిక్ష వేసవి అంతా ఉండాలా? కొంచెం ముందుగా ఎత్తేయడానికి వీలుందా? ఊరికే అడుగుతున్నాను.

మోంజియా


ఎల్ గెత్తార్,
30 జూలై 1996

చెల్లీ,

ఊరికే, ఊరికే అని రెండు ఉత్తరాల్లో రాశావు. చిన్నప్పుడు హరీసా కారం జాడీ పగలగొట్టి, "ఊరికే వంటింట్లోకి వెళ్ళాను" అన్నదానివి. నీ గొంతు నాకు తెలుసు.

మధ్యలో ఎత్తేయడానికి నేనొక్కణ్ణే చాలను. నేను పెట్టిన మాటను నేనే విరిస్తే రేపు నా మాట ఎవరు వింటారు? కారణం కావాలి.

కాలువకు దూరంగా ఉన్న వరసలో చెట్లు పోయాయి. గోటితో గీకి చూశాను, లోపల పచ్చదనం లేదు. ఎవరూ లేనప్పుడు వెళ్ళి చూశాను. ఇరవై రెండు చెట్లు. అమ్మార్ వాళ్ళ నాన్న నాటినవి.

మోంజియా, ఒక్కటే అడుగుతాను, తిప్పకుండా చెప్పు. ఆ కాగితం మీద నువ్వు రాసింది నిజమేనా?

అన్న


స్ఫాక్స్,
7 ఆగస్టు 1996

అన్నయ్యా,

నిజం కాదు.

సీసాలో థైరమ్ ఉన్న మాట నిజం. అది కాయల మీదిది కాదు, మూతలోది. రబ్బరు గట్టిపడటానికి అందులో కలిపే పదార్థాల్లో థైరమ్ కూడా ఒకటి. తోటలో బూజుకు కొట్టేదీ, ఫ్యాక్టరీలో రబ్బరుకు కలిపేదీ ఒకటే సరుకు. దారి పొడుగునా కుదుపులకు స్పిరిటు ఆ మూతను తడుపుతూనే ఉంది. ఇంకే పద్ధతిలో చూసినా అంత కొంచెం కనబడేది కాదేమో. వెండి చూపించింది. వెండి అబద్ధమాడలేదు. అడగవలసినది నేను అడగలేదు.

నాకు ఎప్పటి నుంచి తెలుసో కూడా చెబుతాను. జూన్ ఇరవై నుంచి. ఒట్టి నీళ్ళున్న సీసాకు వేరే పనిలో రబ్బరు మూత పెట్టాను. అందులోనూ అవే గీతలు వచ్చాయి. నీ మూత పారేయలేదు, సొరుగులో ఉంది. దాన్ని కొత్త స్పిరిటులో నానబెట్టి చూశాను. అచ్చం పద్నాలుగో సీసాయే.

ముప్ఫై ఏళ్ళుగా పిల్లలకు పాఠం మొదటి రోజే చెబుతాను. ఏది పరీక్షించినా ముందు ఖాళీ సీసాను పరీక్షించండి, మూతతో సహా, అని. మే నెలలో నేను ఆ పని చేయలేదు. వెండి నీళ్ళు కొంచెమే ఉన్నాయి, పాడైపోతాయి, మళ్ళీ కాచే ఓపిక లేదు. అలసిపోయాను అన్నయ్యా. నా తప్పుకు వేరే పేరు లేదు, ఆ సాయంత్రం నాకు ఇంటికి వెళ్ళాలనిపించింది.

ఆ తరువాత ఏడు వారాలు నోరు మూసుకోవడానికి మాత్రం అలసట కారణం కాదు. భయం. యంత్రం పోతుందని, పత్రికకు పంపిన వ్యాసం పోతుందని, వెళ్ళిపోయే ముందు నవ్వులపాలవుతానని. నీకు మూత గురించి రాసిన రోజున, కారణం నువ్వే కనిపెట్టి నీళ్ళు వదిలేస్తావేమో, నేను చెప్పే పని తప్పుతుందేమో అనుకున్నాను. సిగ్గుగా ఉంది.

నీ ఉత్తరం చదివి పెద్ద ప్రొఫెసర్ దగ్గరికి వెళ్ళాను. "అమ్మా మోంజియా, పద్నాలుగింటిలో ఒక్కటేగా. ఆ వరస తీసేయండి, వ్యాసానికేం కాదు" అన్నాడు. "ఆ వరసలో ఒక మనిషి ఉన్నాడండీ" అన్నాను. అర్థం కానట్టు చూశాడు. వ్యాసం వెనక్కి తీసుకున్నాను. యంత్రం సంగతి దేవుడికి తెలియాలి.

ఇందులో రెండో కాగితం పెట్టాను, సంతకం, ముద్రతో. మొదటి ఫలితం తప్పని, తప్పు ప్రయోగశాలదని, సీసా మూత వల్ల జరిగిందని రాశాను. మూత ఎవరు పెట్టారో రాయలేదు. దాని అవసరం లేదు. పగిలిన మూతకు బదులు ఇంకో మూత పెట్టడం నీ తప్పెలా అవుతుంది? నన్నే తిట్టమను.

వెంటనే చదువు. ఒక్క రోజు కూడా ఆగకు.

మోంజియా


ఎల్ గెత్తార్,
21 ఆగస్టు 1996

చెల్లీ,

నీ ఉత్తరం పన్నెండో తారీఖున అందింది. ఒక్క రోజు ఆగకు అన్నావు. నేను ఎనిమిది రోజులు ఆగాను. ఎందుకో నీకు చెప్పాలి.

గాజు మూత పగలలేదు.

సీసాలు ఒక రాత్రి పంపు గదిలో ఉండాలి, పొద్దున్నే కారు వస్తుంది. గది తాళం చెవి వంతులవారీగా తిరుగుతుంది కదా, ఆ రోజు అది అమ్మార్ దగ్గర ఉంది. వాడు లోపలికి వెళ్ళి తన సీసా పారబోసి మంచినీళ్ళు పోస్తాడని నాకు అనుమానం. అందుకని అతని సీసాకు గాజు మూత తీసేసి, రబ్బరు మూత బిగించి, మైనం కరిగించి పోశాను. పదమూడు మందిని నమ్మాను. ఒక్కణ్ణి నమ్మలేదు. ఆ నమ్మకపోవడమే సీసాలోకి దిగి, నీ వెండి మీద వాలి, సంతకం చేయించుకుని తిరిగి నా చేతికి వచ్చింది. నోరు విప్పకుండా తప్పించుకోవాలని చూశానని నువ్వు సిగ్గుపడుతున్నావు. నువ్వు "పగిలిందా" అని అడిగావు, నేను "అవును" అన్నాను. మనిద్దరం ఒక తల్లి పిల్లలమే.

నీ రెండో కాగితంలో నా పేరు లేదు. చదివేసి ఊరుకోవచ్చు. ఎనిమిది రోజులూ ఆ ఆలోచనతోనే తిరిగాను. వసీలాకు కూడా చెప్పలేదు.

నిన్న మంగళవారం. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక అందరినీ పంపు గది దగ్గరికి పిలిచి చదివాను. బషీర్, "అయితే మూడు నెలలుగా మనం రబ్బరు మూత మీది కోపం అమ్మార్ మీద చూపించామన్నమాట" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

అమ్మార్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు.

"మూత ఎవరిది?" అన్నాడు.

ప్రయోగశాలది అని నోటిదాకా వచ్చింది. "నాది" అన్నాను. "గాజు మూత బాగానే ఉంది. నీ చేతిలో తాళం చెవి ఉందని నేనే మార్చాను. నీ ఒక్కడిదే మార్చాను."

"సమ్మె గురించా?"

"సమ్మె గురించే."

చాలాసేపు నా మొహం చూశాడు. కొడతాడేమో అనుకున్నాను, కొట్టినా బాగుండేది. "ఆ రోజు నేనెందుకు దిగానో పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారి అడిగావా?" అన్నాడు. అడగలేదు. ఇప్పుడూ అడగలేదు. అతనే కాలువ గట్టు పట్టుకుని నడిచాడు. వెనకాల నేను, నా వెనకాల ఊరు.

తన మడవ దగ్గర ఆగాడు. పలక తానే లాగేసుకోవచ్చు, ఎవరు అడ్డుకుంటారు? ముట్టుకోలేదు. నీరటి చెయ్యి పడకుండా మడవ తీయకూడదు, ఇక్కడి పద్ధతి. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను మోకాళ్ళ మీద కూర్చుని గట్టిపడిన మట్టి పార పెట్టి తవ్వాను. ఆయాసంతో రెండుసార్లు ఆగాను. ఎవరో సాయానికి వస్తే అమ్మార్ చేత్తోనే వద్దన్నాడు. పలక లేచింది. నీళ్ళు లోపలికి పోయాయి.

ముందు వరసలో బతికిన ముప్ఫై ఒక్క చెట్లకు పెట్టాను. పాదులు నిండాక మడవ కట్టబోతుంటే, "ఆ వరస" అన్నాడు.

"అవి పోయాయి, అమ్మార్."

"తెలుసు. పెట్టు."

చుక్క నీటికి పోట్లాడుకునే మనుషులు పాతిక మంది గట్టు మీద ఉన్నారు. నీళ్ళు దండగ అని ఒక్కరూ అనలేదు. నేను పారతో దారి చేస్తూ పోయాను. ఒక్కో ఎండిన చెట్టు దగ్గరా ఆగి, పాదు నిండేదాకా చూసి, తరువాతి దానికి మళ్ళించాను. ఇరవై రెండు. హద్దా గుమ్మంలో నిలబడి చూసింది. అమ్మార్ నా పక్కనే నడిచాడు, ఒక్క చెట్టు కూడా వదలనివ్వలేదు. రెండు గంటల వంతు సరిగ్గా అయ్యేసరికి తల ఊపి ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

నీరటి పని మానుకుంటానని బషీర్‌తో అన్నాను. లోపలి నుంచి అమ్మార్ గొంతు వినబడింది. "వాడు మానడానికి వీల్లేదు. నా మడవ వాడే తీయాలి."

ఇవాళ ఒళ్ళంతా నొప్పులు. అక్షరాలు వంకరపోతే సర్దుకుని చదువు. వచ్చే మంగళవారం మళ్ళీ ఆయన వంతు ఉంది. ఆ వరసకు కూడా పెట్టమంటాడు. పెడతాను.

నీ అన్న,
బెల్గాసెమ్